పలకకు పది గంటలు

పలకకు బలపం తప్ప మరొకటి అక్కరలేదు. మార్కాపురం రాతితో చేసిన పలక ఎండకు ఎండినా వానకు తడిసినా మరునాడు మళ్ళీ అక్షరం దిద్దించుకొనేది. పగిలితే తప్ప దానికి చావు లేదు. ఇప్పుడు పిల్లల చేతికి వచ్చిన కొత్త పలక ట్యాబ్. దీనికి ఆయువు ఉన్నది, ఆ ఆయువు బ్యాటరీలో ఉన్నది. అది రెండు విధాలు. ఉదయం నిండుగా ఉండి సాయంత్రానికి తరిగిపోయేది ఒకటి. కొన్న నాటినుండి నెలనెలా కొద్దికొద్దిగా క్షీణించేది మరొకటి. మొదటిదాన్ని గురించి ప్రకటనలు పెద్ద అక్షరాలతో చెబుతాయి. రెండవదాన్ని గురించి అంతగా చెప్పవు. ట్యాబ్ బ్యాటరీ దానిని వాడేవారి ఆశలతో సమానంగా నడిచిందా అన్న ప్రశ్నకు ఈ రెండింటినీ కలిపి చూస్తేగాని సరైన జవాబు దొరకదు.

గుడియాత్తం నుండి రోజూ బస్సులో వేలూరుకు వచ్చి కళాశాలలో చదివే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఉదయం ఏడు గంటలకు ఇల్లు వదిలితే తిరిగి చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. బస్సులో నిన్నటి పాఠం చూసుకోవాలి. తరగతిలో రాసుకోవాలి. మధ్యాహ్నం చెట్టుకింద కూర్చుని ఒక ప్రయోగం వీడియో చూడాలి. ఇల్లు చేరిన తరువాత మరొక గంట చదవాలి. ఇది గొప్ప కోరికేమీ కాదు. ట్యాబ్ పెట్టెమీద "పది గంటలు" అని చదివినవారికి సహజంగా కలిగే ఆశ.

ఆ పది గంటల మాట 2010 నాటిది. ఆ ఏడాది జనవరి 27న స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను లోకానికి చూపి, దాని బ్యాటరీ పది గంటలు వస్తుందని చెప్పారు. ఆనాటి లాప్‌టాప్‌లు చాలావరకు మూడు నాలుగు గంటలకే చతికిలపడేవి గనుక విన్నవారు ఆశ్చర్యపోయారు. ఆ బ్యాటరీలో పట్టే శక్తి 25 వాట్-గంటలు. ఒక వాట్ వాడుకొనే వస్తువును ఒక గంటసేపు నడిపే శక్తిని వాట్-గంట అంటారు. 25 వాట్-గంటలతో ఇంట్లోని 75 వాట్ల ఫ్యాను ఇరవై నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. అంత కొద్ది శక్తితో ఒక తెరను పది గంటలు వెలిగించడం ఇంజనీర్లు చేసిన పొదుపే.

రెండేళ్ళు గడిచాయి. 2012లో మూడవ ఐప్యాడ్ వచ్చింది. దాని బ్యాటరీ 42.5 వాట్-గంటలు. అంటే శక్తి డెబ్బై శాతం పెరిగింది. గంటలు మాత్రం పదే! పెరిగిన శక్తి ఏమయింది? తెరమీది చుక్కల సంఖ్య నాలుగింతలయింది. వాటిని వెలిగించడానికి, వాటికి బొమ్మను అందించడానికి అది ఖర్చయిపోయింది. 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో మందం 5.1 మిల్లీమీటర్లు, బ్యాటరీ సుమారు 39 వాట్-గంటలు. దానికీ చెప్పిన లెక్క పది గంటలే. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్లు, బ్యాటరీ ఎంత పెరిగితే తెర అంతకంతా తినివేస్తున్నది. కాబట్టి బ్యాటరీ వెనుకబడిపోయిందనడం న్యాయం కాదు. వచ్చిన లాభాన్ని వెలుగు, వేగం, సన్నదనం పంచుకొన్నాయి. గంటల రూపంలో వాడేవారికి రావలసిన వాటా మాత్రం రాలేదు.

ఆ లాభమైనా అంత సులభంగా వచ్చింది కాదు. ట్యాబ్‌లో ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. దీనిని 1991లో సోనీ సంస్థ మొదట అమ్మకానికి తెచ్చింది. ఈ బ్యాటరీకి రూపమిచ్చినందుకు జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హాం, అకీరా యొషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ ముప్పై ఏళ్ళలో ఒక కిలో బ్యాటరీలో పట్టే శక్తి సుమారు మూడింతలయింది. అదే కాలంలో చిప్ సాధించిన వృద్ధితో దీనిని పోల్చి చూడండి. 1989లో వచ్చిన ఇంటెల్ 486 చిప్‌లో ట్రాన్సిస్టర్లు 12 లక్షలు. 2024 నాటి ఐప్యాడ్ ప్రో చిప్‌లో 2,800 కోట్లు. చిప్‌ను చెక్కడంలో గీత సన్నబడినకొద్దీ అదే జాగాలో ఎక్కువ పడతాయి. బ్యాటరీలో అలా కుదరదు. శక్తిని మోసేవి అయాన్లు. అవి ఒక పొరనుండి మరొక పొరకు నడిచి వెళ్ళాలి, తిరిగి రావాలి. వాటిని అంతకంటే చిన్నవిగా చేయలేరు. కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్-గంటల శక్తి ఉంటే, కిలో మంచి లిథియం బ్యాటరీలో 250 ప్రాంతంలో ఉంటుంది. చిప్ వేగాన్ని చూసి అలవాటుపడిన మనిషి బ్యాటరీనుండి కూడా అదే ఆశించడం వల్లనే సగం నిరాశ కలుగుతున్నది. ఇందులో వాడేవారి తప్పు కూడా ఉన్నది. సన్నగా ఉండాలి, తేలికగా ఉండాలి, అద్దంలా మెరవాలి, రోజంతా రావాలి అంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

ఖరీదైన ట్యాబ్ సంగతి ఇలా ఉంటే, చవక ట్యాబ్ కథ వేరు. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో "ఆకాశ్"ను విడుదల చేశారు. డేటావిండ్ సంస్థ రూపొందించిన ఈ ట్యాబ్ కూర్పు హైదరాబాదులో జరిగింది. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,276 రూపాయలు. పేద విద్యార్థి చేతికి కంప్యూటరు అందాలన్న ఆశయం మంచిదే. కాని దాని బ్యాటరీ 2,100 మిల్లీ ఆంపియర్-గంటలు మాత్రమే. రెండు మూడు గంటలకు అది మూగబోయేది. అంటే బడి గంటలో సగం కాకముందే ఆగిపోయే పలక! ధర తగ్గించవలసి వచ్చినప్పుడు బ్యాటరీమీద కత్తి పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌ల పథకం 2011 సెప్టెంబరు 15న మొదలయింది. మరుసటి ఏడాది, 2012లో, చెన్నై వెలుపలి జిల్లాలలో రోజుకు పది గంటలకు పైగా కరెంటు లేని రోజులు వచ్చాయి. పవర్‌లూమ్‌లు ఆగాయి, ఇళ్ళలో దీపాలు ఆగాయి. లాప్‌టాప్‌కు చార్జి పెట్టుకోవడానికి కూడా కరెంటు వచ్చే వేళకోసం కాచుకొని కూర్చోవలసి వచ్చేది. బ్యాటరీ గంటలు ఎంత అన్నది పట్టణంలో సౌకర్యానికి సంబంధించిన మాట. కోత ఉన్నచోట అది చదువు సాగుతుందా లేదా అన్న మాట. ఇప్పుడు ఆ స్థాయి కోతలు లేవు గనుక, అరగంటలో సగం చార్జి ఎక్కే పరికరాలు వచ్చాయి గనుక, ఇక గంటల గొడవ ఎందుకని కొందరంటారు. బస్సులోనూ చెట్టుకిందా ప్లగ్ ఉంటే ఆ మాట ఒప్పుకోవచ్చు.

ఇక పెట్టెమీది లెక్క. గుడియాత్తం అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుపొందిన ఊరు. అగ్గిపెట్టెమీద సగటున ఇన్ని పుల్లలు అని రాసి ఉంటుంది. తెరిచి లెక్కపెడితే ఒకటి అటూ ఇటూగా అన్నీ ఉంటాయి. ట్యాబ్ పెట్టెమీది పది గంటలకు అటువంటి పూచీ లేదు. అక్కడ "పది గంటల వరకు" అని ఉంటుంది. ఆ "వరకు" అన్న మాటలోనే అసలు సంగతి దాగి ఉన్నది. ఐప్యాడ్ తయారీదారులు ఈ పరీక్ష చేసేటప్పుడు తెర వెలుగును సగానికి తగ్గించి ఉంచుతారు. చల్లని గదిలో ఆ వెలుగు చాలు. వేలూరు ఎండలో వరండాలో కూర్చుని చదివే పిల్లవాడికి సగం వెలుగుతో అక్షరం కనబడదు. వెలుగు పూర్తిగా పెంచాలి. ఊరి వెలుపల సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట దానికోసం వెదుకుతూ ట్యాబ్ మరింత శక్తి ఖర్చుపెడుతుంది. ఇక పది గంటలు ఎక్కడినుండి వస్తాయి?

వేలూరు ఎండను గురించి కొంత చెప్పుకోవాలి. తెలుగు పంచాంగంలో కర్తరి అని రాసే రోజులనే తమిళులు కత్తిరి అనీ, అగ్నినక్షత్రం అనీ అంటారు. మే నెలలో వచ్చే ఆ రోజులలో వేలూరులో ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. ఐప్యాడ్ తయారీదారులైతే 35 డిగ్రీలు మించిన చోట తమ పరికరాన్ని వాడవద్దనీ, ఆ వేడికి బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతినవచ్చనీ స్పష్టంగా చెప్పారు. అంటే వేలూరు వేసవిలో చాలా మధ్యాహ్నాలు ఆ హద్దుకు బయటనే ఉన్నాయి! వేడివల్ల బ్యాటరీ లోపల జరగరాని రసాయన చర్యలు త్వరపడతాయి. లిథియంలో కొంత భాగం ఇక తిరిగి పనికిరాకుండా చిక్కుకొనిపోతుంది. పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో ఏడాదిపాటు ఉంచితే దాని శక్తిలో సుమారు మూడో వంతు పోతుందని నిపుణుల అంచనా. అదే వేడిలో నలభై శాతం చార్జితో ఉంచితే పోయేది పదిహేను శాతం దగ్గర ఉంటుంది. వేసవి సెలవులలో ట్యాబ్‌ను నిండా చార్జి చేసి రేకుల ఇంట్లో పెట్టెలో దాచిపెట్టడం జాగ్రత్త అనుకొంటారు. బ్యాటరీకి అంతకుమించిన హాని లేదు. సగం చార్జితో, ఇంట్లో చల్లగా ఉండే మూలన పెట్టడం మేలు.

ఇక్కడే రెండవ ఆయువు ప్రశ్న వస్తుంది. బ్యాటరీ కొన్ని వందలసార్లు నిండి, ఖాళీ అయిన తరువాత దాని శక్తి ఎనభై శాతానికి దిగుతుంది. రోజూ వాడే విద్యార్థికి ఇది రెండేళ్ళ ముచ్చట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లను పంచడం ప్రారంభించింది. ఎనిమిదిలో అందుకొన్న పిల్లలు 2025 మార్చిలో పదవ తరగతి పరీక్ష రాసే ఏడు వచ్చేసరికి ఆ బ్యాటరీ కూడా మూడవ ఏట అడుగుపెట్టింది. చదువు బరువు ఎక్కువయ్యే ఏడే బ్యాటరీ బలం తగ్గే ఏడు కావడం గమనించవలసిన విషయం. పెట్టెమీద పది గంటలు అని రాసినవారు ఏ సంవత్సరపు పది గంటలో రాయలేదు.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ సంగతి ఇంకా దగ్గరిది. తమిళనాడు పాఠ్యపుస్తకాలు తెలుగు మాధ్యమంలోనూ అంతర్జాలంలో లభిస్తాయి. 2018 నుండి వచ్చిన కొత్త పుస్తకాల పుటలమీద వీడియో పాఠాలకు దారిచూపే క్యు.ఆర్. గుర్తులున్నాయి. గుడియాత్తం అంగళ్ళలో తమిళ పుస్తకం దొరికినంత సులభంగా తెలుగు పుస్తకం దొరకదు. తెలుగు కథ కావాలన్నా, నిఘంటువు కావాలన్నా తెరనే ఆశ్రయించవలసి వస్తుంది. పక్క పిల్లవాడికి ట్యాబ్ ఆగిపోతే చేతిలో మరో పుస్తకం ఉంటుంది. వీరికి అది ఉండకపోవచ్చు.

కనుక కోరవలసింది పన్నెండు గంటలో పదిహేను గంటలో కాదు. మూడవ ఏట కూడా ఏడెనిమిది గంటలు నిలిచే బ్యాటరీని కోరాలి. అది క్షీణిస్తే వేలూరులో ఒక అంగడిలో కూర్చుని అరగంటలో మార్పించుకొనే వీలు కోరాలి. ఒకప్పుడు ఫోను వెనుక మూత తీసి బ్యాటరీని వేలితో మార్చేవారు. ఇప్పుడు ట్యాబ్‌లలో దానిని జిగురుతో అంటించి మూసివేస్తున్నారు. మందం ఒక మిల్లీమీటరు తగ్గించడంకోసం ఆయువును రెండేళ్ళు తగ్గించడం మంచి బేరం కాదు. ఇది జరగని పని కాదని ఐరోపా దేశాలు చూపించాయి. అక్కడ 2025 జూన్ 20 నుండి అమలైన నియమాల ప్రకారం ఫోన్, ట్యాబ్ బ్యాటరీలు 800 సార్లు చార్జి చేసిన తరువాత కూడా కనీసం ఎనభై శాతం శక్తిని నిలుపుకోవాలి. 2027 ఫిబ్రవరి 18 నుండి ఇటువంటి పరికరాల బ్యాటరీలను వాడేవారే సులభంగా తీసి మార్చుకొనేటట్లు ఉండాలన్న మరొక నియమం కూడా చేశారు. భారతదేశంలో 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట అంతర్జాలంలో ఒక వేదికను ప్రారంభించింది. అది వివరాలు చెప్పే ఏర్పాటు. ఇన్నిసార్లు చార్జికి ఇంత శక్తి మిగలాలన్న నిబంధన వంటిది కాదు.

లక్షల సంఖ్యలో కొనే ప్రభుత్వాలు అటువంటి చట్టంకోసం ఎదురుచూడనక్కరలేదు. కొనుగోలు షరతులలో తెర ఎన్ని అంగుళాలు, జ్ఞాపకశక్తి ఎంత అని రాసేచోట, 800 చార్జిల తరువాత ఎంత మిగలాలి, 40 డిగ్రీల వేడికి పరీక్ష జరిగిందా, కొత్త బ్యాటరీ ఎంతకు, ఏ ఊరిలో దొరుకుతుంది అన్న మూడు పంక్తులు చేర్చడానికి ఖర్చేమీ లేదు. 2025 మార్చి బడ్జెట్‌లో తమిళనాడు ప్రభుత్వం రెండేళ్ళలో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు లాప్‌టాప్ గాని ట్యాబ్ గాని ఇస్తామని ప్రకటించింది. ఏది ఇచ్చినా లోపల ఉండేది ఆ లిథియం బ్యాటరీయే. దానిని అందుకొనే విద్యార్థి చదువు మూడేళ్ళు, ఇంజనీరింగు అయితే నాలుగేళ్ళు.