కావలివాడిని సాగనంపడం



లాప్‌టాప్‌లో ఆంటీవైరస్ గడువు తీరగానే, తెరమీద దాని బొమ్మను చెరిపేసి "తీసేశాం" అనుకుంటారు కొందరు. గుమ్మంమీది పేరుపలక పీకితే కావలివాడు వెళ్ళిపోతాడా?

ఆంటీవైరస్ మామూలు ప్రోగ్రాం వంటిది కాదు. తెరిచే ప్రతి ఫైలునూ సోదా చేయాలి గనక, డ్రైవర్లనే భాగాలను విండోస్ లోలోపల నాటుకుంటుంది. వైరస్‌లు తనను తొలగించకుండా తన ఫైళ్ళకు తానే కాపలా కాస్తుంది. అందుచేత దానిని పద్ధతిగానే పంపాలి.

ముందు పెద్దల అనుమతి తీసుకోండి. విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరవండి. దాని పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వెంటనే రీస్టార్ట్ చేయాలి. పనిలో ఉన్న డ్రైవర్లు అప్పుడుగాని తొలగవు. ఇంకా శేషం మిగిలిందా? మెకాఫీ, అవాస్ట్ వంటి కంపెనీలు ఇందుకు వేరే సాధనాలు ఉచితంగా ఇస్తాయి. వాటిని ఆ కంపెనీ సైటునుంచే తెచ్చుకోవాలి సుమా!

చివరకు విండోస్ సెక్యూరిటీ తెరిచి చూడండి. పాతవాడు పూర్తిగా వెళితే, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ తనంతట తానే కావలికి వస్తుంది. సగం మిగిలితే, "కావలి ఉందిగదా" అని అది తప్పుకోవచ్చు. అప్పుడు ఇల్లు చూసేవాడు ఒక్కడూ లేడన్నమాట!