క్యాసరోల్‌లో ఏముందో చెప్పి వడ్డిద్దాం

థాంక్స్‌గివింగ్ దగ్గరపడితే చాలు, ఇక్కడ అమెరికాలో మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో చీజీ కార్న్ క్యాసరోల్ గోల మొదలవుతుంది. రెండు డబ్బాల మొక్కజొన్న, కప్పు సోర్ క్రీమ్, ఒక స్టిక్ వెన్న, రెండు గుడ్లు, ఓ పెట్టె కార్న్ మఫిన్ మిక్స్, చీజ్. అన్నీ కలిపేసి 350 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావుగంట పెడితే సరి. టర్కీ ఉన్న బల్ల మీద శాకాహారులకి దొరికేది ఇదేగా అని, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకీ వడ్డించేస్తారు.

నాకు నచ్చనిది అదే. గుడ్లున్నాయని ఎవరూ చెప్పరు. మిక్స్ పెట్టె వెనక్కి తిప్పి చదవరు. అలాంటి మిక్సుల్లో పంది కొవ్వు వేసినవీ ఉండేవండీ! ఇక కొన్ని పార్మెజాన్ చీజ్‌లకి పాలు విరిచేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో.

"ఆవిడకేం తెలుస్తుంది?" అంది మా అత్తయ్యగారి గురించి ఓ స్నేహితురాలు. తెలియదనేగా మనం చెప్పాల్సింది! ఆవిడకి ఇంగ్లీషు లేబుల్ చదవడం రాదు. నా మాట నమ్మి తింటారు.

అందుకే మిక్స్ కొనను. మొక్కజొన్న పిండి, మైదా, బేకింగ్ పౌడర్ నేనే కలుపుకుంటాను. అత్తయ్యగారి గిన్నెలో గుడ్లకి బదులు అరకప్పు గట్టి పెరుగు, వెజిటేరియన్ రెన్నెట్ అని రాసున్న చెడ్డార్ వేస్తాను. అంత పొంగదు, మధ్యలో కాస్త మెత్తగా ఉంటుంది. రుచికేం లోటు లేదు. మావారికి గుడ్డు వేసిందే ఇష్టం, అది వేరే గిన్నెలో. తోముకోవడం రెండింతలే, ఏం చేస్తాం.

ఈసారి పాట్‌లక్‌కి రెండూ పట్టుకెళ్తున్నాను. ఏది ఏదో చీటీ అంటించి, పెద్ద అక్షరాలతో, తెలుగులో.