నోవహు శాపము ఎవరి మీద పడింది?



పోయిన నెల సండేస్కూలు అయ్యాక ఒక పాప నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, నేను శాపం తగిలినదాన్నా?" అని అడిగింది. ఎందుకమ్మా అంటే, "నల్లగా ఉన్నవాళ్లంతా హాము పిల్లలని, వాళ్లకు శాపముందని మీరే చెప్పారంట. మా నాయనమ్మ అంది."

నిజమే. చాలా ఏళ్ల క్రితం ప్రసంగంలో చెప్పాను. చిన్నప్పుడు ఎవరి దగ్గరో విన్నదాన్ని, సెమినరీలో చదివొచ్చి కూడా, వాక్యము తెరచి చూడకుండా మీకు అప్పజెప్పాను.

ఇప్పుడు తెరచి చూడండి. ఆదికాండము 9:25లో శాపము హాము మీద లేదు, అతని కుమారుడైన కనాను మీద ఉంది. పలికినది దేవుడు కాదు, ద్రాక్షారసము మత్తు వదిలి లేచిన నోవహు. చర్మపు రంగు ఊసే అక్కడ లేదు. నల్లని కూషీయులకు మూలపురుషుడైన కూషు కూడా హాము కుమారుడే (10:6). అతని మీద ఏ శాపమూ లేదు. పైగా మోషే కూషు స్త్రీని పెండ్లి చేసికొన్నాడని సణిగిన మిర్యాముకే కుష్ఠు వచ్చింది (సంఖ్యాకాండము 12).

అయినా అమెరికాలో ఆఫ్రికావారిని బానిసలుగా ఉంచుకున్నవారు ఈ వచనాన్నే అడ్డం పెట్టుకున్నారు. బానిసలున్నవాణ్ణి మిషనరీగా పంపవచ్చా అనే తగవు మీద 1845లో దక్షిణాది బాప్టిస్టులు వేరుపడ్డారు. క్షమాపణ చెప్పింది 1995లో. 150 ఏళ్లు! అన్నాళ్లూ బైబిలు చేతిలోనే ఉంది.

సైన్సువాళ్లు మనకంటే మెరుగా? అలబామాలోని టస్కెగీలో 1932 నుండి 1972 వరకు, సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి మగవారికి, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగము ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు ప్రభుత్వ డాక్టర్లు. మా అంగీ తెల్లనిదే, వాళ్ల కోటూ తెల్లనిదే.

అదే సైన్సు తన తప్పు దిద్దుకున్న సంగతి కూడా చెప్పాలి. 2000 జూన్‌లో మానవ జన్యుపటము మొదటి చిత్తుప్రతి ప్రకటించారు. ఆ పనికి నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఒకప్పుడు నాస్తికుడు, తరువాత క్రీస్తు విశ్వాసి అయ్యాడు. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా జన్యువులు దాదాపు 99.9 శాతం ఒక్కటేనని తేలింది. ఇక నలుపంటారా, అది మెలనిన్ అనే రంగు పదార్థము. మండే ఎండలో చర్మానికి దేవుడు పట్టిన గొడుగు.

మనుషులందరి మూలము ఒక్కటేనని పౌలు ఏథెన్సులో చెప్పినది (అపొ. కార్యములు 17:26) ఇప్పుడు రుజువైందని నేను గంతులు వేయను. వాక్యానికి ల్యాబు సంతకం అక్కరలేదు. కానీ పెండ్లిచూపుల్లో పిల్ల రంగు తక్కువని కట్నం పెంచే విశ్వాసులకు, సమాధుల తోటలో కులానికో మూల కేటాయించే పెద్దలకు, ఇక ఏ వైపునా సాకు మిగలలేదు.

ఆ రోజు పాపకు జవాబు చెప్పలేక తల నిమిరి పంపేశాను. ఈ ఆదివారము ఆదికాండము 9 మళ్లీ బోధిస్తాను, ముందు నా తప్పు ఒప్పుకొని. ఆనాటి ప్రసంగము విన్నవారు తప్పక రండి. నాయనమ్మగారిని వెంటబెట్టుకు రమ్మని పాపకు కబురు పంపాను.