పదచ్ఛేదాభ్యాసమునందు యంత్రసాహాయ్యము

సంస్కృతాధ్యయనమునకు పదచ్ఛేదము ప్రథమసోపానము. శ్లోకమును విడదీయలేనివాడు అన్వయమును చెప్పలేడు. అన్వయమెరుగనివానికి వ్యాఖ్యానము కేవలము కంఠపాఠముగ మిగులును. ఈ ప్రథమసోపానమునందే నేడు గణకయంత్రము విద్యార్థికి తోడుగ నిలిచినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతాధ్యయనవిభాగమునందు రూపొందిన ‘సంసాధని’ సంధిని విడదీయును, విభక్తివచనములను తెలుపును, కారకసంబంధములను చిత్రరూపమున చూపును. ఫ్రాన్సుదేశీయుడగు జెరార్ హ్యూయే నిర్మించిన సాధనము ఒక వాక్యమునకు సాధ్యములగు విభాగములను ఒక్క పట్టికయందే చూపును. ఇవి యన్నియు విద్యార్థి చేతిలోని ఫోనునందే లభించుచున్నవి.

వీనిని తరగతిలోనికి రానీయరాదని కొందరు అధ్యాపకుల మతము. యంత్రము నాశ్రయించిన బుద్ధి మందగించునని వారి హేతువు. ఈ భయము నిరాధారము కాదు. అయినను నిషేధము తరగతిగది గుమ్మము దాటిన పిమ్మట చెల్లదు. ఇంట యంత్రము నడిగి, మరునాడు నిర్దుష్టమగు పదచ్ఛేదమును ఒప్పగించు విద్యార్థికి సంధికార్యము తెలియునో తెలియదో అధ్యాపకుడు ఎట్లు గ్రహింపగలడు? ఉపయోగింపనిండని ఊరకుండుటయు నట్టిదే. అందును విద్యార్థికి దక్కునది ఫలితమే గాని ప్రక్రియ కాదు.

నిజమునకు యంత్రము పలు విభాగములను చూపుటయే బోధనకు అనుకూలమైన అంశము. ‘దేవాలయే’ యను అక్షరసముదాయమును తీసికొందము. దీనిని ‘దేవ – ఆలయే’ యని విడదీసినచో సవర్ణదీర్ఘము, ‘గుడియందు’ అని యర్థము. ‘దేవాః – లయే’ యని విడదీసినచో రుత్వము, యత్వము, యకారలోపము. ‘దేవతలు ప్రళయమునందు’ అని యర్థము. రెండును వ్యాకరణసమ్మతములే. ఏది గ్రాహ్యమో ఆకాంక్షా యోగ్యతా సన్నిధులును ప్రకరణమును నిర్ణయించును. యంత్రము కొన్ని విభాగములను ముందునిలిపి చూపవచ్చును గాని, ‘రెండవదానిని ఏల త్యజించితివి?’ అని గురువడుగు ప్రశ్నకు హేతువు చెప్పవలసినవాడు విద్యార్థియే.

కావున క్రమమే ప్రధానము. విద్యార్థి మొదట స్వయముగ విడదీసి, ప్రతిసంధికిని కార్యమును వ్రాయవలెను. పిమ్మట యంత్రమును చూడవలెను. భేదము కనబడినచోట ఎవరిది యుక్తమో సభలో సమర్థింపవలెను. యంత్రకోశమునకెక్కని పదములు, అరుదైన తద్ధితరూపములు వచ్చినపుడు యంత్రమును తడబడును. ఆ తడబాటును పట్టుకొన్న విద్యార్థికి కలుగు ఆత్మవిశ్వాసము అల్పమైనది కాదు.

పలువురు కూడి దూరమునుండి ఒకే గ్రంథముపై పనిచేయుటకును ఇదే నియమము వర్తించును. తెలుగు వికీసోర్సునందు ఒక ప్రక్క ముద్రితపుట ఛాయాచిత్రము, మరియొక ప్రక్క దాని పాఠము ఉండును. ఒకరు దిద్దిన పుటను వేరొకరు సరిచూచి ఆమోదింపవలెను. దిద్దినవారే ఆమోదించుటకు వీలులేదు. ఎవరెప్పుడు ఏయక్షరమును మార్చిరో యంతయు చరిత్రగ నిలుచును. ఒకడు మాతృకను చదువుచుండ, ఇంకొకడు వ్రాతప్రతిని సరిచూచు పూర్వపద్ధతికి ఇది రూపాంతరమే. సామూహికకార్యమున ఒకడు శ్రమించి నలుగురు ఫలమందుదురను ఆక్షేపమునకు ఈ చరిత్రయే సమాధానము. అధ్యాపకుడు దానినిబట్టి ఎవరి కృషిని వారికే లెక్కింపవచ్చును. అయితే ముద్రితపాఠము దోషమని తోచినను మూలమునందే మార్పరాదు. సవరణను చర్చాస్థలమున హేతుపూర్వకముగ వ్రాయవలెను. లేనిచో విద్యార్థి తన ఊహను పాఠాంతరమని భ్రమించును.

ఇంతటి జాగ్రత్త ఏలయన, ముద్రణకెక్కని తాళపత్రములు భాండాగారములయందు ఇంకను అసంఖ్యాకముగ నున్నవి. వానియందు పదముల నడుమ ఖాళీ యుండదు. క్రిమిదష్టములైన చోట్ల అక్షరములును ఉండవు. అట్టి పత్రము ముందు కూర్చుండువానికి స్వయముగ విడదీయు నేర్పును, లుప్తభాగమును ఊహించు వ్యుత్పత్తియు నుండవలెను. ఆ నేర్పు ఒక తరమున నశించినచో, ఛాయాచిత్రములు తీసి భద్రపరచిన గ్రంథములును చదువువారు లేక మూగవోవును.

ప్రాచ్యకళాశాలలు తమ పరీక్షావిధానమునందు ఒక చిన్న మార్పు చేసికొనుట యుక్తము. సంవత్సరమంతయు యంత్రమును యథేచ్ఛగ వాడనిచ్చి, మౌఖికపరీక్షయందు మాత్రము విద్యార్థి ఎన్నడును చూడని ఒక శ్లోకమును, వీలున్నచోట ఒక తాళపత్రపు ప్రతిబింబమును, అతని ముందుంచి ఏ సాధనమును లేకుండ విడదీయుమనవలెను. యంత్రమువలన అతనికి విద్య అబ్బినదో లేదో ఆ పావుగంటలో తేటపడును.