లంగరు మోటారుకి ఇంటి వైరు వేస్తే?

ఇంక్లైన్ బాయిలో టబ్బులు లాగే హాలర్‌ని మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్ వాళ్లకి కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. డ్రమ్ము, రోప్, మోటారు, బ్రేక్. దాన్నే బాగా చిన్నది చేసి పడవ ముందు భాగంలో బిగిస్తే అదే విండ్లాస్. టబ్బు బదులు లంగరు, రోప్ బదులు గొలుసు. ఎల్లంపల్లి నీళ్లలో చేపలు పట్టే తెప్పలకి దీంతో పని లేదు, చేత్తోనే లాగేస్తారు. సముద్రంలో తిరిగే చిన్న మోటారు పడవలకి పెడతారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి రేపు గోవాకో దుబాయ్‌కో పడవల పనికి పోదామనుకునేవాళ్లకి ఇది పనికొచ్చే ముచ్చట.

డెక్కు కింద మందపాటి ప్లేటు వేసి నాలుగు బోల్టులు బిగించడం ఎవరైనా చేస్తారు. అసలు కథ వైరుది.

లెక్క చూడండి. 1000 వాట్ల మోటారు ఇంట్లో 230 వోల్టుల మీద నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. పడవలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. అదే 1000 వాట్లకి అక్కడ 83 ఆంపియర్లు కావాలి. లంగరు బురదలో ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. బ్యాటరీ ఎక్కడో వెనక, మోటారు ముందు. మధ్యలో 6 మీటర్ల దూరం ఉంటే పోను రాను 12 మీటర్ల వైరు. ఇంట్లో ప్లగ్గులకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేశారనుకోండి, ఆ కరెంటుకి 7 వోల్టులు దారిలోనే పోతాయి. పోవడమంటే మాయమవడం కాదు, వైరు కాలడం. 16 స్క్వేర్ వేస్తే వోల్టు పైన పోతుంది. 35 వేస్తే అర వోల్టే. ట్రాక్టర్ సెల్ఫ్ మోటారుకి అంత లావు వైరు ఎందుకో ఇప్పుడు అర్థమైందా? రాగి ధర చూసి సన్నది కొందామనిపిస్తుంది. కొనకండి.

బ్రేకర్‌ని మోటారు పక్కన పెట్టేవాళ్లున్నారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. అది తప్పు. వైరు ఎక్కడో ఒరుసుకుని షార్ట్ అయితే కరెంటు బ్రేకర్ దాకా రాదు, మధ్యలోనే మంట. డీజిల్ ఉన్న పడవ, చుట్టూ నీళ్లు, ఎటు ఉరుకుతారు? అందుకే బ్రేకర్ బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. కాలితో నొక్కే స్విచ్‌కి మాత్రం సన్న వైరు చాలు, అది సోలినాయిడ్‌ని లేపుతుంది అంతే. పెద్ద కరెంటు సోలినాయిడ్ గుండా పోతుంది. ఉప్పుగాలికి మామూలు రాగి పచ్చగా మారిపోతుంది కాబట్టి తగరం పూత ఉన్న కేబులే తీసుకోవాలి. లగ్గులు సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కి, పైన స్లీవ్ వేయాలి.

ఇంకో సంగతి. లంగరు దిగాక పడవ బరువు విండ్లాస్ మీద ఉంచకూడదు, గొలుసుని డెక్కు మీది గట్టి గుంజకి కట్టేయాలి. ప్రవాహం లాగే బలం మామూలుది కాదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటుని తీసేటప్పుడు మొదట్లో ఇనుప రోపే తెగింది. లంగరు ఎత్తేటప్పుడు కూడా ఇంజిన్ ఆన్ చేసి పడవని ముందుకు నడపాలి, మోటారు గొలుసుని మాత్రమే చుట్టాలి. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీ కూడా చార్జ్ అవుతుంటుంది.

గొలుసు చిక్కుపడితే ముందు బ్రేకర్ ఆఫ్. చెయ్యి ఆ తర్వాతే.