నెగెటివ్ కాగితం ఎవరికి రక్ష?

2020 డిసెంబరు. కొవిడ్ భయంతో ప్రపంచంలోని విహార నౌకలు చాలావరకు లంగరు దించి కూర్చున్న కాలం. సింగపూర్ మాత్రం ధైర్యం చేసింది. ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలో చక్కర్లు కొట్టి తిరిగొచ్చే యాత్రలకు అనుమతి ఇచ్చింది. సింగపూర్‌లో నివసించేవారే ఎక్కాలి, ఓడలో సగం మందికి మించి ఉండకూడదు, ఎక్కేముందు అందరికీ పరీక్ష తప్పనిసరి. రాయల్ కరీబియన్ సంస్థ ఓడ 'క్వాంటమ్ ఆఫ్ ద సీస్' అలా బయల్దేరింది. మూడో రోజున విరేచనాలతో బాధపడుతూ 83 ఏళ్ల పెద్దాయన ఒకరు ఓడలోని వైద్యుడి దగ్గరకు వెళ్లారు. రూలు ప్రకారం పరీక్ష చేశారు. పాజిటివ్ అని తేలింది. ఓడ ఉన్నపళంగా వెనక్కి తిరిగింది. దాదాపు 1,700 మంది ప్రయాణికులు గంటల తరబడి గదులకే పరిమితమయ్యారు. తీరా ఒడ్డున జాతీయ ప్రయోగశాలలో మళ్లీ పరీక్షిస్తే ఆయనకు కొవిడే లేదు.

ఇందులో తప్పెవరిదని అడిగితే వేలెత్తి చూపడానికి ఎవరూ దొరకరు. ఓడ యాజమాన్యం రూలు పాటించింది, రేవు అధికారులు పాటించారు, పెద్దాయన ఒంట్లో బాగాలేదని దాచకుండా చెప్పారు. అయినా యాత్ర చెడింది. ఓడ ఎక్కేముందు చేయించే ఆరోగ్య పరీక్షల్లోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. పరీక్ష చెప్పేది ఒక పూట సంగతి. రూలు దాన్ని యాత్ర మొత్తానికి పూచీకత్తుగా తీసుకుంటుంది.

పరీక్ష లేకుండా వదిలేస్తే ఏమవుతుందో అంతకు కొద్ది నెలల ముందే ప్రపంచం చూసింది. 2020 మార్చి 15న అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా నుంచి 'గ్రెగ్ మోర్టిమర్' అనే చిన్న ఓడ అంటార్కిటికా వైపు సాగింది. ఎక్కేవాళ్లందరికీ జ్వరం చూశారు. కొవిడ్ అప్పటికే ఎక్కువగా ఉన్న దేశాల మీదుగా ఇటీవల వచ్చినవారిని ఎక్కనివ్వలేదు. ఫారాలు నింపించారు, చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం అడుగడుగునా పెట్టారు. ఎనిమిదో రోజున మొదటి జ్వరం బయటపడింది. తర్వాత ఓడలో ఉన్న 217 మందికీ పరీక్షలు చేస్తే 128 మందికి పాజిటివ్. వాళ్లలో నూటికి 81 మందికి ఏ లక్షణమూ లేదు. థర్మామీటర్‌కీ ఫారానికీ అందని జబ్బు ఇది అని వైద్యులకు కళ్లకు కట్టిన తొలి ఉదాహరణల్లో ఈ ఓడ ఒకటి.

యోకొహామా తీరంలో నిలిచిపోయిన 'డైమండ్ ప్రిన్సెస్' కథ తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. హాంకాంగ్‌లో జనవరి 25న దిగిపోయిన ఒక ప్రయాణికుడికి వ్యాధి ఉందని తర్వాత తేలింది. 3,711 మందిలో 712 మందికి సోకింది. ఆ ఓడలోని 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ఈ లెక్క దగ్గరకు మళ్లీ రావాలి.

సిడ్నీది మరో రకం అనుభవం. అక్కడ పరీక్ష జరిగింది, ఫలితం కోసం ఆగలేదు. 2020 మార్చి 19న 'రూబీ ప్రిన్సెస్' నుంచి నమూనాలు తీసుకుని, అవి తేలకముందే సుమారు 2,650 మంది ప్రయాణికులను నగరంలోకి వదిలేశారు. ఆ ఓడకు సంబంధించి 28 మంది చనిపోయారు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ ఆరోగ్య శాఖ చేసినవి తీవ్రమైన తప్పులని తేల్చింది. పరికరం ఉంటే సరిపోదు, దాని మాట వినే యంత్రాంగం కూడా ఉండాలి.

ఇన్ని దెబ్బలు తిన్నాక వచ్చిన నిబంధనలు కఠినంగా ఉండటంలో వింత లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2020 మార్చి 14నే ఓడల్ని ఆపేసింది. అక్టోబరు 30న షరతులతో కూడిన ఉత్తర్వు ఇచ్చింది. ప్రయాణికులతో ఓడలు అమెరికా రేవుల నుంచి మళ్లీ కదలడానికి 2021 జూన్ దాకా పట్టింది. పరీక్షల లెక్క మామూలు ప్రయాణికుడి నెత్తిన పడింది అప్పటినుంచే. కొంతకాలానికి టీకా వేసుకున్నవారు కూడా ఓడ బయల్దేరే ముందు రెండు రోజుల్లోపు పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. రెండు రోజులంటే 48 గంటలు కాదు, క్యాలెండరు రోజులు. శనివారం ఓడ అయితే గురువారం పొద్దున చేయించింది చెల్లేది, బుధవారం రాత్రిది చెల్లేది కాదు. ఇంట్లో చేసుకునే కిట్ వాడనిచ్చారు, కానీ వీడియోలో ఒకరు చూస్తుండగా ముక్కులో పుల్ల పెట్టుకుంటేనే. తనంతట తాను చేసుకుని ఫొటో తీసి చూపిస్తే కుదిరేది కాదు.

జబ్బు తగ్గి కోలుకున్నవారి పాట్లు ఇంకో రకం. ఆర్‌టీ పీసీఆర్ పరీక్ష వైరస్ తాలూకు తునకల్ని కూడా పట్టేస్తుంది కాబట్టి, మనిషి లేచి తిరుగుతున్నా వారాలపాటు పాజిటివ్ చూపించగలదు. అందుకే గత 90 రోజుల్లో సోకినవారు కోలుకున్నట్టు వైద్యుడి పత్రం తెచ్చుకునే వీలు కల్పించారు. మరోపక్క నిన్ననే అంటుకున్నవాడి పరీక్ష నెగెటివ్ వస్తుంది, వాడు దర్జాగా ఓడ ఎక్కుతాడు. తగ్గినవాణ్ణి పట్టుకుని, మొదలవుతున్నవాణ్ణి వదిలేసే కావలి అది.

2021 ఆగస్టులో 'కార్నివాల్ విస్టా' బెలీజ్ చేరేసరికి 27 మందికి కొవిడ్. వారిలో 26 మంది సిబ్బంది, ఒకరే ప్రయాణికుడు. ఓడలో దాదాపు అందరూ టీకా వేసుకున్నవారే. డైమండ్ ప్రిన్సెస్‌లోని భారతీయుల లెక్క గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడ. ప్రయాణికుడు వారానికి దిగిపోతాడు. వంటవాడు, గదులు సర్దేవాడు, ఇంజిన్ గదిలో పనిచేసేవాడు నెలల తరబడి అదే గాలి పీలుస్తారు. నావికులకు ఆరోగ్య పరీక్ష కొత్త కాదు. 2006 నాటి అంతర్జాతీయ నావికుల కార్మిక ఒప్పందం ప్రకారం వైద్య యోగ్యతా పత్రం గరిష్ఠంగా రెండేళ్లే చెల్లుతుంది. కానీ ఆ పత్రం మనిషి పనికి పనికొస్తాడా అని చూస్తుందే తప్ప, ఓడ ఆ మనిషికి క్షేమమా అని చూడదు. ప్రయాణికుల ముక్కుల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా సిబ్బంది ఇరుకు గదుల మీద, గాలి ప్రసారం మీద పెట్టి ఉంటే ఫలితం మెరుగ్గా ఉండేది.

ఇక ఈ రూలు ఎవరిది అన్న ప్రశ్న. టికెట్టు అమ్మిన కంపెనీ ఒక దేశానిది, ఓడ మీద ఎగిరే జెండా బహమాస్‌దో పనామాదో, ఎక్కే రేవు అమెరికాది, దిగి చూసే ఊళ్లు మరో నాలుగు దేశాలవి. అందరి షరతుల్లోకీ కఠినమైనదే చివరికి ప్రయాణికుడికి వర్తిస్తుంది. అలాస్కా యాత్రలే ఉదాహరణ. సీడీసీ తన కొవిడ్ నౌకా కార్యక్రమాన్ని 2022 జులై 18న ముగించింది. అయినా సియాటిల్‌లో ఎక్కి అలాస్కా మంచుకొండలు చూసొచ్చేవారికి ఆ సెప్టెంబరు చివరిదాకా పరీక్ష తప్పలేదు. కారణం కెనడా. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్యే తిరిగి రాకూడదని, మధ్యలో ఒక విదేశీ రేవు తాకి తీరాలని 1886 నాటి అమెరికా చట్టం చెబుతోంది. అందుకోసం ఈ ఓడలు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. కెనడా తన పరీక్ష నిబంధన ఎత్తేసింది 2022 అక్టోబరు 1న. సొంత నౌకా పరిశ్రమను కాపాడుకోవడానికి 19వ శతాబ్దంలో చేసిన చట్టం, 21వ శతాబ్దంలో సియాటిల్ పక్కనున్న బెల్లెవ్యూలో కొడుకు ఇంటికొచ్చిన ఒక గుంటూరు తల్లి ముక్కు పరీక్షను నిర్ణయించిందన్నమాట. ఇంత మెలిక టికెట్టు మీద ఎక్కడా రాసి ఉండదు.

తెలుగువారికి ఇంతకన్నా దగ్గరగా తగిలింది కొవాగ్జిన్ వ్యవహారం. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ టీకాను 2021 జనవరి 16 నుంచే దేశంలో వేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలోకి అది ఎక్కింది మాత్రం నవంబరు 3న. ఆ జాబితానో తమ దేశ అనుమతినో ప్రమాణంగా పెట్టుకున్న చోట్లన్నీ అప్పటిదాకా కొవాగ్జిన్ వేసుకున్నవారిని టీకా వేసుకోనివారిగానే చూశాయి. ఒకే వీధిలో కొవిషీల్డ్ వేసుకున్న ఆయన అర్హుడు, కొవాగ్జిన్ వేసుకున్న ఆయన అనర్హుడు. ఇద్దరూ తమకు దొరికింది వేసుకున్నవారే. ఎంచుకునే అవకాశం లేనిచోట అర్హతలు విధించడం ఆరోగ్య భద్రత కాదు, కాగితాల వివక్ష.

వీటన్నిటికంటే తక్కువ చర్చ జరిగింది డబ్బు గురించి. పాజిటివ్ వస్తే టికెట్టు ఖర్చు ఎవరు భరించాలి? మహమ్మారి రోజుల్లో చాలా కంపెనీలు టికెట్టు డబ్బు వెనక్కి ఇవ్వడమో, మరో యాత్రకు మళ్లించడమో చేశాయి. విమాన ఛార్జీలు, హోటల్ గదుల సంగతి మాత్రం ప్రయాణికుడి ఖర్మకే వదిలేశాయి. ఈ లెక్క చూసుకునే మనిషి గొంతు నొప్పి ఉందని ఫారంలో ఎందుకు రాస్తాడు? నోరు విప్పితే లక్షలు పోతాయన్నప్పుడు నిజం చెప్పడం పుణ్యం అవుతుంది గానీ తెలివి అనిపించుకోదు. రూలు రాసేవాళ్లు పుణ్యాత్ముల్ని దృష్టిలో పెట్టుకుని రాయకూడదు.

కొవిడ్ పరీక్షలు పోయాయి గనుక ఈ ప్రశ్న పాతబడిందనుకుంటే పొరపాటు. ఓడల్ని ఎప్పటినుంచో వేధిస్తున్నది నోరోవైరస్. వాంతులు, విరేచనాలు. ఎక్కేముందు దానికి పరీక్షలేమీ ఉండవు. ఉన్నదల్లా ఇటీవల కడుపులో ఏమైనా తేడా చేసిందా అని అడిగే ప్రశ్నల ఫారం. సీడీసీ 1975 నుంచి నడుపుతున్న నౌకా పారిశుద్ధ్య కార్యక్రమం కింద, ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ నూటికి ముగ్గురు జబ్బు పడితే ఆ ఓడ పేరు బహిరంగంగా ప్రకటిస్తారు. ఇది మంచి పద్ధతి. భారం ఒక్క ప్రయాణికుడి మీద కాకుండా ఓడ పరువు మీద కూడా పడుతుంది. కంపెనీలు వంటగదుల్ని, ఈత కొలనుల్ని జాగ్రత్తగా చూసుకోవడంలో ఈ ప్రకటన భయం పాత్ర తక్కువది కాదు.

ఇప్పటికీ కాగితం అడిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. యాత్ర ముగిసేలోగా 24వ వారంలోకి వచ్చే గర్భిణుల్ని పెద్ద కంపెనీలు దాదాపు ఎక్కించుకోవు. అంతకుముందు వారాల్లో అయినా వైద్యుడి పత్రం అడుగుతాయి. బ్రెజిల్, కెన్యా వంటి దేశాల రేవులు తాకే యాత్ర అయితే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కావాలి. ఓడవాళ్లు అడగకపోయినా మనవాళ్లు అడుగుతారు. అలాంటి దేశం విడిచిన ఆరు రోజుల్లోపు ధ్రువపత్రం లేకుండా భారత్‌లో దిగితే, పసిపిల్లలు తప్ప ఎవరినైనా ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేస్తారు. ధ్రువపత్రం టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుబాటవుతుంది. ఆపై 2016 నుంచి అమల్లో ఉన్న మార్పు ప్రకారం జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవారికి, గుడ్డు పడనివారికి ఈ టీకా విషయంలో జాగ్రత్త అవసరం. బట్టలు సర్దుకునే వారంలో కాదు, టికెట్టు కొనకముందే వైద్యుణ్ణి అడగాల్సిన సంగతి ఇది.

మన తీరానికి ఈ చర్చ దూరపుది కాదు. 2022 జనవరిలో ముంబై నుంచి గోవా చేరిన కార్డీలియా సంస్థ ఓడలో సుమారు రెండు వేల మందిని పరీక్షిస్తే 66 మందికి పాజిటివ్ వచ్చింది. ఓడ తిరిగి ముంబై దారి పట్టింది. అదే సంస్థ ఆ ఏడాది జూన్‌లో విశాఖ నుంచి యాత్రలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన క్రూజ్ భారత్ మిషన్ 2029 నాటికి ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తామంటోంది. టెర్మినళ్లు, రాయితీల గురించి వినిపించినంతగా, అంటువ్యాధి వస్తే ప్రయాణికుడి డబ్బుకు, సిబ్బంది ఆరోగ్యానికి ఎవరు పూచీ అన్నది వినిపించడం లేదు.

ఆ పూచీ కంపెనీది కావాలి. మార్గంలోని ఏ దేశం ఏ పరీక్ష, ఏ టీకా అడుగుతుందో బుకింగ్ సమయంలోనే ప్రయాణికుడి భాషలో చెప్పాలి. జబ్బు ఉందని ముందుగా చెప్పినవారికి పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా యాత్ర వాయిదాకు అదనపు రుసుము లేకుండా ఒప్పుకోవాలి. ఓడల్లో ఎంతమంది జబ్బు పడ్డారో మన రేవుల్లోనూ ప్రకటించాలి. ఇవి నౌకాయాన శాఖ ఒక్క ఉత్తర్వుతో చేయగలిగిన పనులు. అది జరిగేదాకా, డబ్బు కట్టేవారు పాజిటివ్ వస్తే తమ గతేమిటో ఏజెంటును అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.