ముగిసిన ఆటను మరల ఆడుట

"ఒకమారు గెలిచిన ఆటను మరల ఆడుట యేల?" అను ప్రశ్న నేడు మన యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. సెలవులకు ఇల్లు చేరిన కళాశాల విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి, క్రిందటి యేడు తుదముట్టించిన వీడియో ఆటనే మొదటినుండి తిరిగి ఆరంభించును. తండ్రికి అది కాలహరణముగా తోచును. తల్లి, "అదే యెడారి, అవే తుపాకులు. ఇంకను చూడవలసిన దేమున్నది?" అని అడుగును. ప్రశ్న న్యాయమైనదే. కుఱ్ఱవాండ్రు దీనికి సరియైన సమాధానము చెప్పలేకున్నారు గావున వారి పక్షమున నాలుగు మాటలు వ్రాయ నెంచితిని. అయితే ఈ వ్యాసమున నున్నదంతయు వారికి ప్రియముగా నుండదని ముందే మనవి చేయుచున్నాను.

వీడియో ఆటలన్నియు ఒక్క తీరువి కావు. నేను దృష్టాంతముగా గైకొనునది 'ఫాలౌట్' అను పరంపరలోని 'న్యూ వేగస్'. ఈ పరంపర 1997లో అమెరికాలో ఆరంభమైనది. అందలి కల్పిత చరిత్ర ప్రకారము 2077వ సంవత్సరమున అణుయుద్ధము జరిగి నగరములు నశించినవి. మిగిలిన జనులు శిథిలములనుండి రేకులను, మేకులను ఏరుకొని మరల ఊళ్లు కట్టుకొనిరి. 2010లో అబ్సీడియన్ అను సంస్థవారు నిర్మించిన 'న్యూ వేగస్' ఆ యుద్ధము జరిగిన రెండువందల యేండ్లకు పిమ్మటి కథ. స్థలము నెవాడా రాష్ట్రపు మొహావే యెడారి. ఆడువాడు ఇందు రాజు కాడు, సేనాని కాడు. మూటలను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు టపా మనిషి. దుండగులు వానిని తలపై కాల్చి గోతిలో పూడ్చుదురు. గుడ్‌స్ప్రింగ్స్ అను పల్లెలోని ముదుసలి వైద్యుడు బ్రతికించును. అటుపైని కంచెలు లేని ఆ లోకమున ఎటు పోవలెనో, ఎవరితో చేయి కలుపవలెనో వాని యిష్టము.

ఇచ్చట ఒక మాట. అమెరికాలో ఆటలకు వయోనిర్ణయము చేయు సంస్థ దీనిని 17 ఏండ్లు నిండినవారికే తగినదని నిర్ణయించినది. ఇందు రక్తపాతము గలదు, చెడుమాటలు గలవు. కావున ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల చదువరులకు ఈ వ్యాసము ఆహ్వానము కాదు. వారు అన్నల భుజముమీదుగా తొంగిచూచుటయు నాకు సమ్మతము కాదు.

ఇక ప్రశ్నకు వత్తును. ఆటారంభమున బలము, చూపు, ఓర్పు, ఆకర్షణ, బుద్ధి, చుఱుకు, అదృష్టము అను ఏడు గుణములకు అంకెలు పంచవలెను. వైద్యము, వాక్చాతుర్యము, మరమ్మతు మున్నగు విద్యలలో మూటిని ముఖ్యములుగా నెంచుకొనవలెను. ఈ ఎన్నికనుబట్టి లోకమే మాఱును. గుడ్‌స్ప్రింగ్స్ పల్లెపై దొంగలదండు పడబోవునపుడు పల్లెవారి పక్షమున నిలువవచ్చును, దొంగల పక్షమునను నిలువవచ్చును. పల్లెవారి పక్షమున నిలిచినను, పేలుడు మందుల విద్య తెలిసినవానికి ఒక ముసలివాడు తాను దాచిన డైనమైటును తీసి యిచ్చును, తెలియనివానికి ఈయడు. కథ చివరకు కొలరాడో నదిమీద 1931-1936 నడుమ నిజముగా కట్టబడిన హూవర్ ఆనకట్ట వద్దకు చేరును. ఆ ఆనకట్టకై పోరు పక్షములు మూడు. తానే స్వతంత్రముగా నిలుచుట నాలుగవది. ఒకటి పట్టినవాడు తక్కిన మూటి ఫలితమును చూడడు. యుద్ధము ముగియగానే ఏ యూరికి ఏమి గతి పట్టినదో కథకుని కంఠము చెప్పును. అంతటితో ఆట సరి. వేరొక గతి చూడదలచినవాడు వెనుకకు పోవలసినదే.

'మాయాబజార్' చిత్రమును మన పెద్దలు 1957 నుండి ఎన్నిమార్లు చూచిరో లెక్క లేదు. శశిరేఖ యెవరిని పెండ్లాడునో వారికి తెలియదా? తెలిసియే చూచిరి. ఆ తల్లిదండ్రులే కుమారుని, "తెలిసిన కథను మరల ఏల?" అని అడుగుట నాకు కొంత వింతగా నున్నది. పైగా చిత్రమున కథ మాఱదు. ఈ ఆటలో మాఱును.

మన ప్రాంతపు పిల్లలకు మరియొక కారణము గలదు. హోసూరు చుట్టుపట్లనున్న మనము ఇంట తెలుగును, బజారున తమిళమును, పొలిమేర దాటిన కన్నడమును పలుకుదుము. ఆంగ్లము నాలుగవ వంతు. ఈ ఆటయో ఆంగ్లముననే యున్నది, తెలుగున లేదు. ఇందు సుమారు 65,000 పంక్తుల సంభాషణ కలదు. మొదటిమారు ఆడు బాలుడు ఆ పంక్తులను గబగబ దాటించి తుపాకి యెత్తును. అర్థము కాని మాటను దాటవేసి, అర్థమైన బాణపుగుర్తు వెంట పరుగెత్తును. అట్టివానికి ఆట ముగిసినదనుట పుస్తకములో బొమ్మలు మాత్రము చూచినవానికి పుస్తకము ముగిసినదనుట వంటిది. రెండవమారు తొందర లేదు. ఎచ్చట దాడి జరుగునో తెలియును గనుక మనస్సు మాటలమీదికి పోవును.

దీనికి ఆట యొక్క అనుబంధ కథలే మంచి నిదర్శనము. 2010 డిసెంబరు మొదలు 2011 సెప్టెంబరు వరకు 'డెడ్ మనీ', 'ఆనెస్ట్ హార్ట్స్', 'ఓల్డ్ వరల్డ్ బ్లూస్', 'లోన్సమ్ రోడ్' అను నాలుగు కథలు వెలువడినవి. వీనిలో 'ఆనెస్ట్ హార్ట్స్' చిన్నదనియు చప్పనిదనియు పలువురి అభిప్రాయము. మొదటిమారు ఆడినవారి తీర్పు అది. నా మట్టుకు అదియే అన్నిటికంటె మన పిల్లలు తీరికగా చూడదగినది. ఏలయన అది భాషల కథ.

స్థలము యూటా రాష్ట్రమందలి జయాన్ లోయ. అచ్చట 'డెడ్ హార్సెస్', 'సారోస్' అను రెండు చిన్న తెగలున్నవి. వీరిని నిర్మూలింప 'వైట్ లెగ్స్' అను మూడవ తెగ వచ్చినది. ప్రళయమున నానాదేశముల వారు ఒక్కచోట చిక్కువడగా వారి భాషలు కలిసి పుట్టిన పలుకులే ఈ తెగల భాషలు. మనకు అవి అర్థము కావు, దుబాసి కావలెను. ఆ దుబాసి పేరు జాషువా గ్రేయం. పూర్వము మతప్రచారకుడై తెగల భాషలు నేర్చినవాడు. ఒకప్పుడు తనతో చెరబడిన యొకడు ఆ తెగకు యుద్ధవిద్య నేర్పుచుండగా ఇతడు మాటలు తర్జుమా చేసెను. క్రమముగా ఆ మాటలు ఆజ్ఞలైనవి. తర్జుమా చేసినవాడు ఆజ్ఞాపించువాడయ్యెను. ఆ సహచరుడే సీజర్ అను పేర క్రూరసైన్యమును కూర్చినవాడు. రెండు భాషలు తెలిసిన మనిషి చేతిలో ఎంత బలముండునో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. కచ్చేరిలో తమిళపు అర్జీని తాతకు చదివి వినిపించిన ప్రతి పిల్లవానికిని అది తెలియును. గ్రేయం తన చరిత్ర చెప్పు ఆ కొద్ది మాటలను మొదటిమారు ఎందరు విందురు? మొగమంతయు కట్లు కట్టుకొన్న వింత మనిషి యని చూచి, వాని తుపాకి యెప్పుడు దొరకునా యని యెదురుచూచువారే యెక్కువ.

ఆ లోయలోని గుహలలో పాతకాలపు యంత్రములయందు ఒకని దినచర్య దాగియున్నది. వాడు రాండల్ క్లార్క్ అను సైనికుడు. 2077 నాటి యుద్ధమున ఆలుబిడ్డలను పోగొట్టుకొని, నలుబదియేండ్లకు పైగా ఆ లోయలో చాలవఱకు ఒంటరిగా బ్రతికెను. ముసలితనమున, దిక్కులేని పిల్లల గుంపొకటి లోయకు రాగా, వారికి కనబడకయే పుస్తకములను, వస్తువులను విడిచి కాపాడెను; 2124లో మరణించెను. ఆ పిల్లల సంతతియే సారోస్ తెగ. వారు 'గుహలోని తండ్రి' అని కొలుచునది ఇతనినే. కాని ఇతని పేరును గాని కథను గాని వారెఱుగరు. వారికి గుహలు నిషిద్ధములు. గుహలు వెదకకయే కథ ముగింపవచ్చును గనుక ఆడువాడును ఎఱుగక పోవచ్చును. తెలిసినవాడు రెండవమారు ఆ తెగవారు తండ్రిని స్మరించుట వినునపుడు, అచ్చట నిలిచియున్న వారందఱిలో నిజము తెలిసినవాడు తానొక్కడే.

వైట్ లెగ్స్ తెగవారి జడల సంగతియు ఇట్టిదే. మొదట అది భయము గొలుపు వేషముగా మాత్రమే కనబడును. తరువాతి కథయైన 'లోన్సమ్ రోడ్'లో యులిసీస్ అనువాడు అసలు సంగతి చెప్పును. వాని తెగలో ప్రతి ముడికిని ఒక అర్థము గలదు. ఆ తెగ నశించినది. సీజర్ పంపున వైట్ లెగ్స్ వారికి యుద్ధము నేర్పిన యీ యులిసీస్‌ను గౌరవింపదలచి వారు తమ వెండ్రుకలను వానివలె అల్లుకొనిరి. అర్థము తెలియక అల్లిన ఆ ముడులు వానికి గౌరవముగాక గాయమైనవి. అక్షరములు నేర్చి అర్థము మఱచిన జాతి యెట్లుండునో చెప్పుటకు ఇంతకంటె చక్కని చిత్రము నేను చూడలేదు. ఇది తెలిసి జయాన్ లోయకు పోవువానికి శత్రువు తలకట్టు వేఱుగా కనబడును. కాల్చినను వేఱుగా కాల్చును.

సారోస్ తెగలో వేకింగ్ క్లౌడ్ అను మంత్రసాని మనకు తోడుగా వచ్చును. ఆమె భర్త దూరదేశమున చంపబడినాడు. తెగను కాపాడుచున్న డానియల్ అను ప్రచారకునికి ఆ సంగతి తెలియును. ఆమె ధైర్యము చెడునని దాచినాడు. మొదటిమారు ఆడువానికి ఈ రహస్యము నడుమ నెప్పుడో తెలియును, లేదా తెలియదు. రెండవమారో, ఆమె మొదటి పలుకరింపునుండియు తెలిసియే ప్రక్కన నడువవలెను. ఆమె భర్తను, పిల్లలను గూర్చి మాటలాడుచుండగా ఏమి బదులు చెప్పవలెను? చెప్పినచో ఆమెకు డానియల్‌పై విశ్వాసము పోవును. చెప్పకున్న మనమును డానియల్ వంటివారమే. ఈ సందిగ్ధము మొదటి ఆటలో లేదు, జ్ఞాపకమువలన పుట్టినది. మరల ఆడుట కాలహరణమనువారు దీనిని ఆలోచింతురు గాక.

ఇక కుఱ్ఱవాండ్రకు నచ్చని భాగము. మరల ఆడువారందఱును ఇందుకొఱకే ఆడుచున్నారా? 'డెడ్ మనీ' కథలో పాడుబడిన జూదశాల క్రింద ఒక ధనాగారము, అందు 37 బంగారు కడ్డీలు గలవు. ఒక్కొక్కటి ఎంత బరువనగా, రెండుమూడు ఎత్తుకొనుసరికే నడక భారమగును. పట్టినదానిని విడువలేక చెడినవారి కథ అది. విడిచి పొమ్మని చెప్పుటకే ఆ బరువు. కాని రెండవమారు ఆడువారిలో పెక్కుమంది 37 కడ్డీలను ఎట్లు దాటించవలెనో ఉపాయము కనిపెట్టి, అందఱికి చూపి మురియుచున్నారు! తెలివి గలదు, కాదనను. కాని వారు కథను వినుటకు తిరిగి రాలేదు. ఖజానా దోచుటకు వచ్చినారు. అట్టి ఆటను పదిమార్లు ఆడినను అది మొదటి ఆటయే. తండ్రి కోపము ఇచ్చట తగియున్నది.

అనుబంధములన్నియు మేలు చేయుననియు చెప్పజాలను. ఇదే పరంపరలో 2008లో వెలువడిన 'ఫాలౌట్ 3'ను చూడుడు. (మైక్రోసాఫ్టు వారు తమ యంత్రమునకైన ప్రతిని మన దేశమున విడుదల చేయలేదు, సాంస్కృతిక కారణములు పేర్కొనిరి. ఆ ఆటలోని రెండుతలల ఆవులకు 'బ్రామిన్' అని పేరు. అమెరికాలో 'బ్రామన్' అను పశుజాతి నిజముగానే యున్నది. దాని పూర్వులలో మన నెల్లూరు, ఒంగోలు పశువులును గలవు!) అందు చివరకు అందఱికి మంచినీరు దొరకుటకై కథానాయకుడు విషకిరణముల గదిలో ప్రవేశించి ప్రాణము విడుచును, అంతటితో ఆట ముగియును. ఆ కిరణములు సోకని సహచరుడొకడు ప్రక్కనే యుండియు, ఇది నీ విధియని తప్పించుకొనును. ఆడువారు దీనికి కోపగించిరి. ఆ కోపము న్యాయమే. 2009లో 'బ్రోకెన్ స్టీల్' అను అనుబంధము వచ్చి, సహచరుని పంపవచ్చుననియు, నాయకుడు బ్రతికి మరల తిరుగవచ్చుననియు మార్చినది. లోపము దిద్దబడినది, కాని ముగింపే పోయినది. పట్టాభిషేకముతో ముగిసిన రామకథకు ఉత్తరకాండ యేల యని వాదించుకొన్న జాతివారము మనము. ఈ చిక్కు మనకు క్రొత్త గాదు. ఉత్తరకాండయైనను మఱొక దుఃఖమును తెచ్చినది గాని, జరిగినదానిని జరుగలేదనలేదు. తలుపులు మూయని ఆటను మరల మొదలుపెట్టవలసిన పనియే లేదు, అట్లే తిరుగుచుండవచ్చును. తల్లిదండ్రులు నిజముగా జంకవలసినది ఆ అంతులేని తిరుగుటను గూర్చియే.

గంటలు ఖర్చగుట నిజము. ఒక్కమారు ఆడుటకే పదులకొలది గంటలు పట్టును. పరీక్షల నెలలో అది కూడదనుటలో నాకు తండ్రులతో భేదము లేదు. సెలవులలో కూర్చున్నవానిని మాత్రము, "ఎన్నవ మారు?" అని గాక, "ఈమారు ఏమి మార్చితివి?" అని అడిగి చూడుడు; సమాధానమును తెలుగున చెప్పుమనుడు. చెప్పగలిగిన కుఱ్ఱవానిని ఇంకొంతసేపు ఆడనిండు.

రెండవమారు ఆరంభింపనున్న అన్నలకు ఒక్క సూచన. కథలను వెలువడిన వరుసలో ఆడకుడు. 'లోన్సమ్ రోడ్' కఠినమైనదే. అయినను దానిని ముగించి, యులిసీస్ మాటలు పూర్తిగా విని, ఆ తరువాత జయాన్ లోయకు బయలుదేరుడు. కథ ముగిసిన పిమ్మటను ఆ లోయకు మరల పోవచ్చును; అయినను గుహలన్నియు వెదకినగాని బయటికి రాకుడు.